బొద్దమ్మ తాగని నీళ్లు

...అయినా కోడి కడుపులో నట్టల పురుగులకూ పెరట్లో కారే కొళాయికీ సంబంధమేమిటి? పశువుల డాక్టరమ్మ కొళాయి ఊసే ఎత్తలేదు. తడి నేల అంది, నిజమే. నట్టల గుడ్లు రెట్టతో కిందపడి తడి మట్టిలో చాలాకాలం బతుకుతాయనీ, కోళ్లు అక్కడే పొడుచుకు తిని మళ్లీ తెచ్చుకుంటాయనీ చెప్పింది. కానీ తడి నేల వేరు, కొళాయి వేరు. కుట్టుమిషన్ల మెకానిక్ కిటికీ దగ్గర నిలబడి తనతో తానే వాదించుకుంటున్నాడు. గెలుస్తున్నాడు కూడా. మనసు మాత్రం కుదుటపడడం లేదు.

కోళ్లన్నీ భార్యవి. చూపు మందగించి కుట్టుపని మానేశాక ఆమెకు అవే లోకం. బొద్దుగా ఉందని బొద్దమ్మ అని పేరు పెట్టుకున్న కోడి ఇప్పుడు ఈకల మూటలా తేలిపోయింది. తురాయి పాలిపోయింది. తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఇది పోతే మిగతావాటిని చెల్లెలికి ఇచ్చేస్తానని నిన్న అన్నం వడ్డిస్తూ అంది ఆమె. గొంతు పెంచకుండా అంది. అందుకే అతనికి భయం వేసింది. కోళ్లు లేని పెరడును ఊహించుకోగలడు. పని లేని ఆమె చేతుల్ని ఊహించుకోలేడు.

పొద్దున్నే నట్టల మందు తొట్టెలో నీళ్లతో కలిపి పెట్టాడు. మధ్యాహ్నానికి చూస్తే పోసింది పోసినట్టే ఉంది. కోళ్లన్నీ కారుతున్న కొళాయి కింద మడుగు చుట్టూ చేరి, ముక్కు ముంచి, తల ఎత్తి, తీరిగ్గా తాగుతున్నాయి. అందరికన్నా ముందు బొద్దమ్మ.

"మందు నీళ్లు వాటికెందుకండీ," అంది భార్య వెనకనుంచి. "మీ కొళాయి నీళ్లే తియ్యగా ఉన్నట్టున్నాయి."

మీ కొళాయి! అది కారడం మొదలైనప్పుడు ఆమె ఒక్కసారే చెప్పింది. ఊళ్లోవాళ్ల మిషన్లన్నీ బాగుచేసి వచ్చిన విసుగులో, చుక్క నీళ్లకు కొంప మునగదులే అన్నాడు తను. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే సణుక్కుంటూ చేసి పడేసేవాడు. అడగకపోయేసరికి అది పంతమై కూర్చుంది. మిషన్లో సూది విరిగితే సూదిని తిట్టే మనిషి కాదతను, దారం నడిచే దారంతా వెతుకుతాడు. మరి ఇంట్లో?

అలవాటుగా చొక్కా జేబు తడుముకున్నాడు. కొళాయికి వేసే రబ్బరు వాషర్ వేలికి తగిలింది. ఎవరికీ చెప్పకుండా ఎప్పుడో కొన్నది. అప్పుడు తట్టింది. కొన్న రోజు వేసుకున్నది నీలం చొక్కా. ఇది గళ్ల చొక్కా, పొద్దున్నే ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఇందులో వాషర్ తను వేయలేదు.

అంటే ఉతికిన ప్రతిసారీ ఆమె దాన్ని తీసి, వేసుకోబోయే చొక్కాలో మళ్లీ వేస్తోంది. సరిగా ఆనని కళ్లతో, గోరంత రబ్బరు ముక్కని. ఇన్నాళ్లూ ఆమె మౌనాన్ని పంతమనుకున్నాడు. అది ఎదురుచూపు. పంతం పట్టి కూర్చున్నది తనొక్కడే.

అతనికి నవ్వొచ్చింది. ఎప్పటినుంచి తెలుసని అడిగాడు.

"మీ జేబులో ఏముందో నాకు తెలియందెప్పుడు?" అంది ఆమె. "పానా గుమ్మం పక్కనే పెట్టాను. మీరు ఆ పని చూడండి, నేను మందు కొత్తగా కలుపుతాను. మందు వాడుతున్నాం కదా, డాక్టరమ్మ చెప్పేదాకా గుడ్లు మాత్రం ముట్టకండి, గుడ్డట్లు అడగకండి."

అతను పెరట్లోకి దిగాడు. పారతో తడిమట్టి ఎత్తి దూరంగా పోసి, మడుగును పొడి ఇసుకతో పూడ్చాడు. గూట్లో చివికిన పొట్టు కూడా మార్చాలనుకున్నాడు. నీళ్లు రాకుండా గొట్టం వాల్వు కట్టేసి కొళాయి విప్పుతుంటే బొద్దమ్మ వచ్చి తల ఓరగా వంచి చూసింది.

"చూస్తావేమే, ఈ దొడ్డిదారి ఇక మూసేశాం. పో, అమ్మగారి తొట్టె దగ్గరికి పో," అని, అరిగిన వాషర్ ఊడదీసి, జేబులోది కూర్చి, పానాతో మర బిగించాడు.