సువర్ణ చేతి ఉలవచారు

నేను ఒక పోపు గరిటెను. ఇనుపదాన్ని. అరచేతంత గుంట, జానెడు కాడ, మేకుకు తగిలించడానికి కాడ చివర ఒక వంపు. ఆదిలాబాద్ వైపు నన్ను గంటె అంటారు. నన్ను చేసినవాడు ఆ పట్నానికి గంట ప్రయాణం దూరంలోని ఒక పల్లెలో కొలిమి నడిపిన వీరాచారి. ఊరందరికీ కర్రులూ కొడవళ్లూ చేసిచ్చే ఆ మనిషి, పెళ్లయి వెళ్లే కూతురికి తన చేత్తో ఒక్కటీ చేయలేదని భార్య సణుగుతుంటే, విరిగిన బండి చక్రపు పట్టా ముక్కను కాల్చి నన్ను సాగగొట్టాడు. తండ్రులు చాలామంది కూతుళ్లకు బంగారం పెట్టి పదిమందికీ చెప్పుకుంటారు. ఈయన ఇనుము పెట్టాడు, ఎవరికీ చెప్పలేదు.

ఆ కూతురు సువర్ణ. ఆమె భర్త భాస్కరాచారి ఆదిలాబాద్‌లో తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. అక్కడి చలి మీకు తెలుసో లేదో, పుష్యమాసంలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. ఆ చలికాలమంతా సువర్ణ ఉలవచారు కాచేది. ఉడికిన ఉలవల కట్టు వంచి, చింతపండు పులుసు కలిపి, మిరియాలూ జీలకర్రా వెల్లుల్లీ దంచి వేసేది. చివరికి నన్ను పొయ్యి మీద బాగా కాల్చి, నూనె, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు చిటపటలాడాక నన్ను గిన్నెలో నిలువునా ముంచి మూత పెట్టేది. చుయ్యిమని నేను మునిగినప్పుడల్లా పీట మీద కూర్చున్న ఆమె కూతురు వైదేహి నవ్వేది.

వైదేహికి ఆరేళ్లప్పుడు వానాకాలం జ్వరంతో సువర్ణ పోయింది. ఏడాది తిరిగాక భాస్కరాచారి నిర్మల్ వైపు నుంచి మంజులను చేసుకొచ్చాడు. మంజుల మంచిదే. వైదేహీ మంచిదే. ఇద్దరూ ఒకరితో ఒకరు రైలులో ఎదురెదురు సీట్లలో కూర్చున్నవాళ్లలా మర్యాదగా ఉండేవారు. సువర్ణ తల్లి ఈశ్వరమ్మ మాత్రం ఆ పెళ్లి నాటి నుంచి ఆ గడప తొక్కలేదు.

ఆ మరుసటి చలికాలం వైదేహికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ ఆకలి తిరిగి రాలేదు. ఐదు రోజులు పాలూ బిస్కెట్ల మీదే నడిచింది. ఏది అడిగితే అది పెట్టండి, తింటే చాలన్నాడు డాక్టరు. పిల్ల అడిగింది ఒక్కటే, "అమ్మ చారు."

మంజుల రెండుసార్లు కాచింది. రెండుసార్లూ వైదేహి ఒక్క గుక్క తాగి గిన్నె పక్కన పెట్టింది. "మంచిగనే ఉంది చిన్నమ్మా. అమ్మ చారు గాదు." తిట్టి ఉంటే మంజుల ఓర్చుకునేదేమో. "మంచిగనే ఉంది" అనడమే ఆమెను కోసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె నన్ను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. మాట పెగలకపోతే నన్నయినా చూపించవచ్చనుకుందేమో.

ఈశ్వరమ్మ వాకిట్లోనే ఆపింది. "ఎందుకొచ్చినవ్?"

"చారు ఎట్ల జేస్తరో చెప్తరేమోనని వచ్చినమ్మా. పిల్ల అన్నం ముడ్తలేదు."

"నా బిడ్డ ఇల్లు దొరికింది, పొయ్యి దొరికింది. ఇగ చేతి రుచి గూడ గావాల్నా నీకు?"

మంజుల ఏడవలేదు. సంచిలోంచి నన్ను తీసి అరుగు మీద పెట్టింది. "నాకొద్దమ్మా. మీరే వచ్చి మీ చేతులతోని చేసిపెట్టున్రి. నేను బయట కూసుంట. పిల్ల తింటే సాలు."

ముసలామె నన్ను తీసుకుంది. నా మీది సుత్తి దెబ్బల గుర్తులను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమింది. వీరాచారి పోయి అప్పటికి నాలుగేళ్లు. కాసేపటికి లోపలికి వెళ్లి, ఉలవలు కొంగున మూటకట్టుకుని వచ్చింది. "బస్సు ఎన్నింటికి?"

ఆ మధ్యాహ్నం కుక్కర్ పది విజిల్స్ వేసింది. ఈశ్వరమ్మ తన లెక్క ప్రకారం అన్నీ వేసి, నన్ను కాల్చి ముంచి, చారు తానే పట్టుకెళ్లింది. మంజుల అన్న మాట ప్రకారం బయట మెట్టు మీద కూర్చుంది. వైదేహి ఒక గుక్క తాగి గిన్నె పక్కన పెట్టింది.

"గిది గూడ గాదు అమ్మమ్మా."

"అట్లంటవేందే! మీ అమ్మకు నేర్పిందే నేను!"

"అమ్మ ఉల్లిగడ్డ కాలుస్తది గద."

"ఉల్లిగడ్డా? చారులనా?"

"ఆఁ. పొట్టుతోనే మంటల పెడ్తది, నల్లగయ్యేదాంక. తర్వాత పొట్టు తీసి దంచి ఏస్తది."

"మా ఇంట్ల ఎన్నడు ఏయలె."

"అమ్మ ఏస్తది. నేను రోజు జూసేదాన్ని."

ఈ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. కాల్చిన ఉల్లి వాసన నా గుంటలో ఎన్ని చలికాలాలు పట్టి ఉందో! కానీ గరిటెకు నోరు లేదు. నోరున్న పెద్దవాళ్లకు పిల్లను అడగాలన్న తలపు రాలేదు.

వైదేహి దుప్పటి కప్పుకుని తానే లేచి వంటింట్లోకి వచ్చింది. దారిలో వాకిలి వైపు తిరిగి కేకేసింది. "చిన్నమ్మా, నువ్వు రా! అమ్మమ్మకు గ్యాసు మంట మీద ఉల్లిగడ్డ కాల్చుడు రాదు."

మంజుల పట్టకారుతో ఉల్లిగడ్డను మంట మీద పట్టుకుంది. "ఇంక కాలాలె," అంది వైదేహి. వేళ్లకు సెగ తగులుతున్నా మంజుల దించలేదు. "ఇంక." ఈశ్వరమ్మ రోలు ముందు కూర్చుని, మనవరాలు చెప్పినట్టు మెత్తగా కాకుండా కచ్చాపచ్చాగా దంచింది. మళ్లీ నన్ను కాల్చారు, మళ్లీ ముంచారు. ఇల్లంతా కమ్మని పొగవాసన నిండింది.

వైదేహి ఊదుకుంటూ తాగింది. గిన్నె ముందుకు చాపింది. రెండోసారి అన్నంలో పోయించుకుని తింది.

తర్వాత ఈశ్వరమ్మ కొంచెం పోసుకుంది. ఒక గుక్క తాగింది. "నేను ఎండకాలంల వచ్చేదాన్ని," అంది ఎవరితోనో అన్నట్టు. "నా బిడ్డ చలికాలం చారు నేనెన్నడు తాగలె." కళ్లు తుడుచుకుని, గోడకానుకుని నిలబడ్డ మంజులను చూసింది. "నిలవడ్డవేంది? నువ్వు గూడ కూసో బిడ్డా. పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా?"

సాయంత్రం బస్సుకు ఈశ్వరమ్మ వెళ్లిపోయింది. పది రోజులకు మళ్లీ వచ్చింది, ఈసారి ఎవరూ పిలవకుండానే. అప్పటి నుంచి ఆ ఇంట్లో సువర్ణ పేరు గొంతు తగ్గించకుండా పలుకుతున్నారు.

చలి ముగిసేలోపు ఒక ఆదివారం మంజుల ఉల్లిగడ్డ కాలుస్తుంటే వైదేహి పక్కన నిలబడి చూస్తూ అడిగింది. "చిన్నమ్మా, మీ అమ్మోళ్ల ఇంట్ల చారు ఎట్ల జేస్తరు?"

మంజుల చేయి ఆగింది. ఆ ఇంట్లో కాపురానికి వచ్చాక ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. భాస్కరాచారి అడగలేదు. చుట్టాలు అడగలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ ఆలోచన రాలేదు.

"మా అమ్మ వాము ఏస్తది," అంది ఉల్లిగడ్డను మళ్లీ మంట మీద తిప్పుతూ. "పోపుల."

"మరి రేపు అట్ల జెయ్యి."

నా అడుగు ఇప్పుడు పలచబడింది. కాడ కాస్త ఊగుతోంది. నన్ను పాతసామాను కింద తీసేసే రోజు రాకపోదు. దానికి నాకు దిగులు లేదు. వైదేహి ఆ మాటన్న మర్నాడు ఆ ఇంటి నూనెలో మొదటిసారి వాము పడింది. ఆ ఘాటుకు వైదేహి తుమ్మింది, మంజుల నవ్వింది.