టోకెనుకు ముందు నాలుగు గంటలు

మా బావమరిది శాసనసభ్యుడు. ఆస్పత్రి బిల్లు అనగానే ఎవరైనా జేబు తడుముకుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ నెలంతా ఆస్పత్రి బిల్లంటే భోజనాల బల్ల మీద నీళ్ళ కూజాకి ఆనించి పెట్టిన అతని కాగితాల కట్టే. రోగులకి వైద్యం త్వరగా అందాలని అతను కూర్చుని రాసిన బిల్లు. ఇంకో రెండు రోజుల్లో సభలో చర్చ.

దానికి ప్రాణం ఒక జాబితా. ఏ ఆరోగ్య కేంద్రంలో రోగులు సగటున పదిహేను నిమిషాల కంటే తక్కువ ఆగుతున్నారో అక్కడ ఒక డాక్టరు మిగులు కింద లెక్క. ఆ మిగులు డాక్టర్ని రద్దీగా ఉన్నచోటికి పంపెయ్యాలి. వినడానికి బాగానే ఉంది, జాబితాలో మా పేట కేంద్రం కనిపించేదాకా. సగటు నిరీక్షణ పదకొండు నిమిషాలు. డాక్టర్లు ఇద్దరు. మిగులు ఒకరు.

ఆ మిగులు మా ఆవిడ షుగరు డాక్టరమ్మ. కాళ్ళ తిమ్మిర్లతో ఏడాదిపాటు గోడ పట్టుకు నడిచిన మనిషి చేత, మూడేళ్ళు మోతాదులు మార్చి మార్చి, గోడ వదిలించింది ఆవిడే.

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆ పదకొండు నిమిషాలు ఎవరి గడియారంలోవిరా తమ్ముడూ? పొద్దున ఏడింటికి పోతే పదకొండున్నరకి గానీ ఇల్లు చేరను."

దారిలో కబుర్లకి ఆగుతున్నావేమో అక్కా అన్నాడు మావాడు. గరిటె గిన్నెలో పడిన చప్పుడుకి వీధిలో కుక్క లేచి కూర్చుంది. ఓపీకి పోయేవాళ్ళకి ఓపిక ఉండాలనే దానికా పేరు పెట్టారని నేను సర్దిచెప్పబోయాను. సగటు మనిషి మాట ఎవరికి కావాలి, ఇద్దరూ నావైపే చూడలేదు.

మావాడికి చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. గడియారం దొరికితే వెనక మూత ఊడదీసి చూడాలి. పదకొండు నిమిషాలకీ నాలుగున్నర గంటలకీ మధ్య ఏం తిరుగుతోందో తెలియకపోతే అతనికి అన్నం సయించదు. మర్నాడు పొద్దున్నే నా పాత చొక్కా, నా చెప్పులు తొడుక్కుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని అక్క వెంట బయల్దేరాడు. చెప్పులు నావి కదా, వాటి వెంట నేనూ నడిచాను.

ఏడూ అయిదుకి చేరాం. గేటు మూసి ఉంది. దాని ముందు మనుషుల లైను లేదు, వస్తువుల లైను ఉంది. ఒక జత చెప్పులు, మడిచిన గొడుగు, నీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె, మళ్ళీ చెప్పులు. మనుషులంతా ఎదురుగా పిట్టగోడ మీద కూర్చున్నారు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరూ చెప్పక్కర్లేదు, చెప్పులే చెబుతాయి.

మావాడు వంగి వంగి లెక్కపెట్టాడు. ముప్ఫై నాలుగు. ఈ పద్ధతి ఎప్పట్నుంచి, వానొస్తే ఎలా, కుక్క ఎత్తుకుపోతే ఎలా అని పక్కనున్న పెద్దావిణ్ణి ప్రశ్నలతో తినేశాడు. కుక్క ఎత్తుకుపోతే వంతు పోయినట్టేననీ, అందుకే తోలు చెప్పులు ఎవరూ పెట్టరనీ ఆవిడ చెప్పింది. అక్క వంతుకి గుర్తుగా అతను తన పెన్ను కింద పెట్టాడు.

"పెన్ను వద్దు నాయనా. ఎవడో సంతకం పెట్టుకు పోతాడు," అందావిడ.

పెన్ను తీసి ఎడమ కాలి చెప్పు వదిలాడు. అంటే నాది.

ఎనిమిదింటికి గేటు తీశారు. ఎవరి వస్తువుని వాళ్ళు కాలితో ముందుకి నెట్టుకుంటూ లోపలికి జరిగారు. తొమ్మిది దాటేసరికి రోగులు యోగుల్లా కళ్ళు మూసుకున్నారు. మావాడు మాత్రం ఒంటి చెప్పుతో కుంటుతూ, గోడ గడియారం, టోకెన్ల కిటికీ, డాక్టర్ల గదులు, వీటి మధ్య తిరిగి తిరిగి ఏదో రాసుకుంటూనే ఉన్నాడు.

పది యాభై రెండుకి మా ఆవిడ కిటికీ దగ్గరికి చేరింది. లోపల కూర్చున్నావిడ మీట నొక్కింది, యంత్రం టోకెను కక్కింది. దాని మీద టైము పది యాభై రెండు. సరిగ్గా పదకొండూ మూడుకి డాక్టరమ్మ గది తలుపు తెరుచుకుని మా ఆవిణ్ణి లోపలికి పిలిచారు.

పదకొండు నిమిషాలు. లెక్కలో అబద్ధం లేదు. లెక్క మొదలైన చోటే అబద్ధం.

మావాడు కిటికీలోకి వంగి, ఏడూ అయిదుకే వచ్చాం, ఈ టోకెనేదో అప్పుడే ఎందుకివ్వలేదమ్మా అని మర్యాదగా అడిగాడు. ఆవిడ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"పూర్వం గేటు తియ్యగానే ఇచ్చేసేదాన్నండీ. రెండేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు చట్టం తెచ్చాడు. టోకెనిచ్చిన అరగంటలో డాక్టరు చూడకపోతే, ఇచ్చినవాళ్ళే ఒక్కో రోగికీ కారణం రాసి పైకి పంపాలట. ఒక్కరోజే డెబ్బై కారణాలు రాశాను. డెబ్బయ్యీ ఒకటే, డాక్టర్లు ఇద్దరేనని. చెయ్యి వాచి, చివరికి నేనే డాక్టరు కోసం లైన్లో నుంచున్నాను. అప్పట్నుంచీ లోపల ఇద్దరు మిగిలాకే ఇంకొకరికి నొక్కుతున్నా."

నేను మావాడి వైపు చూశాను. సభలో మొట్టమొదటిసారి నెగ్గించుకున్న చట్టం అది. ఆ రోజు మా ఇంటికొచ్చి, అరగంట నిబంధన గురించి మూడు గంటలు చెప్పాడు.

టోపీ తీశాడు. "ఆ మహానుభావుణ్ణి నేనేనమ్మా."

కిటికీ లోపల చెయ్యి మీట మీదే ఉండిపోయింది. ఉద్యోగం పోతుందని ఆవిడ భయం. నీ తప్పేం లేదని నచ్చజెప్పి, మరేం చెయ్యాలో నువ్వే చెప్పమని అడిగాడు. ఆవిడ గేటు వైపు చెయ్యి చూపించింది.

"యంత్రం గేటు దగ్గర పెట్టించండి. కారణం మాత్రం నా చేత కాదు, డాక్టర్లని వేసేవాళ్ళ చేత రాయించండి."

దారి పొడుగునా మావాడు తను రాసుకున్న కాగితమే చూసుకుంటూ నడిచాడు. ఒక కాలికి చెప్పు లేదన్న సంగతి కూడా ఇంటికొచ్చాకే తెలిసింది.

ఆ మర్నాడు సభలో లేచి, తన బిల్లుకి తనే సవరణ పెట్టాడు. చొక్కా సవరించుకున్నంత తేలిక్కాదు అది, చొక్కా విప్పి చిరుగు చూపించడం. మా పేట కేంద్రంలో అసలు నిరీక్షణ నాలుగు గంటలనీ, జాబితా వెనక్కి తీసుకుంటున్నాననీ, సమయం గేటు దగ్గర్నుంచే లెక్కకట్టాలనీ, కారణాలు ఇక పైఅధికారులే రాయాలనీ అన్నాడు. అవతలి పక్షం సభ్యుడొకాయన, తమరు లేచేటప్పుడు పదకొండు నిమిషాలున్న నిరీక్షణ కూర్చునేసరికి నాలుగు గంటలయిందేమిటని అడిగాడు. సభంతా నవ్వింది.

"ఆ నాలుగు గంటలు మొదట్నుంచీ ఉన్నాయండీ. నేనే కనపడకుండా చేశాను," అన్నాడు మావాడు.

నవ్వు అక్కడక్కడా ఆగింది. సవరణ నెగ్గింది. కొత్త లెక్కలు వచ్చేదాకా డాక్టరమ్మని కదపకూడదన్నారు.

నెల తిరిగాక మా ఆవిడ మళ్ళీ కేంద్రానికి వెళ్ళింది. గేటు దగ్గర ఏడింటికే టోకెనిచ్చారట. ఇంటికొచ్చి, కుర్చీలో స్థిమితంగా కూర్చుని టిఫిను తిని, మళ్ళీ పదింటికి వెళ్ళి చూపించుకొచ్చింది. మావాడు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు, చేతిలో మా కేంద్రం తాలూకు మొదటి నివేదిక. సగటు నిరీక్షణ మూడు గంటల యాభై నిమిషాలు. కారణం అన్నచోట పెద్ద అధికారి తన చేత్తో రాశాడు, డాక్టర్లు ఇద్దరే అని.

"రాశాడు సరే. మరి మూడో డాక్టరెప్పుడురా?" అంది మా ఆవిడ.

అదే కనుక్కోవాలక్కా అంటూ మావాడు మళ్ళీ కాగితాల కట్ట విప్పాడు. మా ఆవిడ సంచీలోంచి పాత కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తీసి నా ముందు పెట్టింది, కిటికీ ఆవిడ ఇచ్చిందట. విప్పితే నా ఎడమ కాలి చెప్పు. దానికి దారంతో ఒక టోకెను కట్టి ఉంది. టైము దగ్గర ముద్ర లేదు, చేతిరాత: ఏడూ అయిదు.