పలచబడిన గోడలు

“ప్లానులో నీ గోడల్ని కాస్త పలచన చెయ్యి రాలిత్సా. బిలియానా మెట్లు వాటి మధ్య నలిగిపోతున్నాయి,” అన్నాడు లుబెన్ కోటు తొడుక్కుంటూ. బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగరంలో పాత పొగాకు గోదామును గ్రంథాలయంగా మార్చే పని, ఆర్కిటెక్టులైన ఆ భార్యాభర్తల చిన్న ఆఫీసుకి దక్కుతుందో లేదో ఆ మధ్యాహ్నం నగరపాలక సంస్థ సమావేశంలో తేలుతుంది. తాను ముందు వెళ్తాననీ, ప్రింట్లు వెనకాల తెమ్మనీ చెప్పాడు. తలుపు దాకా వెళ్లినవాడు ఆగి, ఆఫీసులో కొత్తగా చేరిన బిలియానా భుజం మీదుగా స్క్రీన్‌లోకి చూశాడు. “నీ గీతకి ప్రాణం ఉందమ్మాయ్,” అనేసి వెళ్లిపోయాడు.

రాలిత్సాకి నోట్లోని కాఫీ చేదెక్కింది. ఆ మాట తనది. కాలేజీలో తన బల్ల మీదికి ఇలాగే వంగి లుబెన్ అన్న మాట. దాన్ని నమ్ముకునే పెళ్లి చేసుకుంది. కూతురు పుట్టాక, “కొలతలు నువ్వు చూసుకో, నీకు ఓపికెక్కువ. డిజైన్ సంగతి నాకొదిలెయ్,” అన్నాడు. బానిత్సా అనే జున్ను పొరల రొట్టె కోసం పిండిని పలచగా సాగదీస్తూ అత్తగారు త్సోంకా వంత పాడింది. “వాడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదుటే పిల్లా?” చలికాలమంతా ఆ గోదాము అటకల మీద పావురాల రెట్టలో మోకాళ్ల మీద పాకి ప్రతి గోడా కొలిచింది రాలిత్సాయే. ఇంటికెళ్లి అదే చలిచేతులతో సూప్ కాచింది. ఇప్పుడు ఆ గోడలు బిలియానా మెట్లకి వెనక పరిచిన బొమ్మ. ఆ పిల్ల చెవి వెనక దోపుకునే పెన్సిలన్నా, ఆమె కాఫీలో చక్కెర వేసుకోదని లుబెన్‌కి గుర్తుండటమన్నా రాలిత్సాకి ఒళ్లు మండేది. అన్నిటికన్నా ఓర్చుకోలేనిది, ఆ మెట్లు నిజంగా బాగుండటం. కిటికీ దగ్గర ఒక మలుపు తిరిగి, పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి చోటు వదిలి పైకెక్కుతాయి. తనకెందుకు తట్టలేదు? తట్టడానికి తనని ఎవరు కూర్చోనిచ్చారు గనక!

“అక్కా, ఇదేంటో చూడవా?” బిలియానా గొంతులో కంగారు. “స్క్రీన్ మీద నీ గోడలు లేత బూడిద రంగులోనే ఉన్నాయి. ప్రింట్ తీస్తే మళ్లీ కారునలుపు!”

రాలిత్సాకి కారణం తెలుసు. రాలిత్సా కదలకపోయేసరికి తనే పూనుకున్న ఆ పిల్ల తగ్గించింది స్క్రీన్ మీద కనిపించే తీరుని మాత్రమే. దాంతో ప్రింటర్‌కి పని లేదు. కాగితం మీద పలచగా రావాలంటే ప్రింట్ సెట్టింగుల్లో ఆ గోడల లేయర్లకి సిరా తగ్గించాలి.

“ప్రింటర్ పాడైందేమో,” అంది రాలిత్సా.

బిలియానా ప్రింటర్ ఆపి మళ్లీ వేసింది. ఇంకో కాగితం నల్లగా వచ్చింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతుంటే రాలిత్సాకి లోపల హాయిగా ఉంది. నలగనీ. ఒక్కరోజు నా గోడల కింద ఆ మెట్లు నలగనీ. అలా అనుకుంటూనే కాగితం అందుకుంది. మూలన గడిలో ‘రూపకల్పన: లుబెన్ గెర్జికోవ్’ అని ఉంది. అంతే. ఇంకే పేరూ లేదు.

“నీ పేరేదీ?”

“ఈ ఒక్కసారికీ వద్దన్నారక్కా. తర్వాతి పనికి తప్పకుండా వేస్తానన్నారు.”

ఆఫీసుకి వచ్చిన మొదటి ఇంటి ప్లాను గీసినప్పుడు రాలిత్సాతోనూ అదే అన్నాడు. అక్షరం పొల్లు పోకుండా.

“కుర్చీ ఇటు లాక్కో,” అంది రాలిత్సా. “అబద్ధం చెప్పాను. ప్రింటర్ బాగానే ఉంది.” బిలియానా తెల్లబోయి చూసింది. రాలిత్సా గోడల లేయర్లకి సిరా సగానికి తగ్గించి, ఎలా చేసిందో విడమరిచి చెప్పింది. ఈసారి గోడలు లేతగా, మెట్లు నల్లగా, మెరిసేలా వచ్చాయి. ఆ నల్లటి గీత గీసిన చెయ్యి తనదై ఉంటే!

“పద, నువ్వూ రా,” అని కాగితాలు చుట్టింది.

సమావేశం గదిలో లుబెన్ లేచి కాగితాల చుట్ట కోసం చెయ్యి చాచాడు. “ఇలా ఇచ్చేసి వెళ్లు రాలిత్సా. సాయంత్రం అమ్మ వస్తోంది, వంటకి ఆలస్యమవుతుంది.”

రాలిత్సా ఇవ్వలేదు. కాగితాలు తనే బల్ల మీద పరిచి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీలో బిలియానాని కూర్చోబెట్టి, పక్కన తనొకటి లాక్కుంది. సమావేశం అధ్యక్షురాలు కళ్లజోడు సవరించుకుంది. “మీరెవరమ్మా?”

“గోడలు నేను గీశాను. మెట్లు ఈ అమ్మాయివి,” అంది రాలిత్సా. “లుబెన్ ఏం చేశాడో ఆయన్నే చెప్పనివ్వండి.”