కళ్ళు లేని మేకపిల్ల

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. పేరు 'మేకల సంత'. ఇరవై నాలుగు పేజీలు, పిల్లలు ఎంత లాగినా చిరగని మందపాటి కాగితం.

పుస్తకాన్నే గానీ, నేను పుట్టింది బట్ట మీద. చేర్యాలలో యశోద అనే నకాశీ చిత్రకారిణి, ఆమె తండ్రి రాజయ్య కలిసి నూలుబట్టకు సుద్దమట్టీ చింతగింజల జిగురూ పట్టించి, ఆరబెట్టి, దాని మీద నన్ను గీశారు. వెనకంతా ఎరుపు. ముందు సంతకు నడిచే మేకలు, గొంగడి కప్పుకున్న ముసలమ్మ, ఆమె చంకలో అలిగిన కోడి. గీతలూ రంగులూ యశోదవి. కళ్ళు మాత్రం రాజయ్యవి. వాళ్ళింట్లో బొమ్మకు కళ్ళు చిట్టచివర పెడతారు, అదీ ఇంటి పెద్ద చేత్తోనే. దాన్ని కళ్ళు తెరవడం అంటారు.

పదకొండో పేజీలో, తల్లి కడుపు కింద దూరిన మేకపిల్ల ఒక్కటి మిగిలి ఉండగా రాజయ్య కుంచె కడిగేశాడు. "ఇది రేపు తెరుస్త బిడ్డా, ఆయాసమొస్తున్నది" అన్నాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆ దుఃఖంలో ఎవరూ చూసుకోలేదు. అచ్చు వేసే మనిషి వచ్చి బట్టలన్నీ చుట్టుకుపోయాడు. అలా మేము మూడు వందల ప్రతులం, మూడు వందల కళ్ళు లేని మేకపిల్లలతో పుట్టాం.

నేను మొదట ఒక బడికి వెళ్ళాను. పిల్లలు ముట్టుకుంటే పాడవుతానని అక్కడి సారు నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. పుస్తకాన్ని కాపాడటం అంటే చదవనివ్వకపోవడమని ఆయన నమ్మకం. ఎవరైనా తనిఖీకి వస్తే బల్ల మీద పెట్టేవాడు. వచ్చినాయన నన్ను తెరవకుండానే "చాలా బాగుంది" అనేవాడు. బీరువాకు చెదలు పట్టాక మూటలో పడి హైదరాబాదు చేరాను, కోఠిలో ఫుట్‌పాత్ మీద పాత గైడ్ల పక్కన కూర్చున్నాను.

ఒక ఆదివారం సహజా రణధీరూ వచ్చారు. పెళ్ళై నలభై రోజులు. కర్టెన్లు కొనడానికి బయలుదేరినవాళ్ళు. సహజ నన్ను తెరిచి, అక్కడే చతికిలబడింది.

"ఈ కోడిని చూడు ధీర్, అచ్చం మీ చిన్నత్త లెక్కనే అలిగింది."

"పిల్లల పుస్తకం మనకెందుకే?"

"ముందు మనం చదువుకుందాం. పిల్లలొస్తే వాళ్ళు లైన్ల నిలబడాలె."

కర్టెన్లు కొనకుండానే ఇంటికి వెళ్ళాం. కిటికీకి ఆమె పాత చున్నీ కట్టి, మంచం మీద బోర్లా పడుకుని ఇద్దరూ నన్ను చదివారు. చదువుకున్న పెద్దవాళ్ళు కడుపుబ్బ నవ్వుకుంటూ మేకలను లెక్కపెట్టడం నేను అప్పుడే చూశాను. పదకొండో పేజీ దగ్గర ఆగారు. రణధీర్ పెన్ను తీశాడు.

"రెండు చుక్కలు పెడితే అయిపోతది."

సహజ పెన్ను గుంజుకుంది. "నువ్వెవరు పెట్టనీకి? గీసినోళ్ళు ఎందుకు ఇడిచిపెట్టిన్రో అడుగుదాం."

వెనక అట్ట మీద యశోద పేరూ ఊరూ ఉన్నాయి. మరుసటి ఆదివారం నన్ను తీసుకుని బస్సెక్కారు.

యశోద ఇంట్లో గోడకు చుట్టలు చుట్టలుగా బట్టలు ఆనించి ఉన్నాయి. ఆమె ఒకటి విప్పి చూపింది. కొత్త పుస్తకం, పన్నెండు బొమ్మలు, చెరువుకు వచ్చిన కొంగలూ బర్రెలూ. ఒక్కదానికీ కళ్ళు లేవు.

"బాపు పోయినంక పళ్ళాల మీద పూలే గీస్తున్ననని అందరికీ చెప్తున్న," అంది యశోద. "పూలకైతే కండ్లుండవు గద. అచ్చేసేటాయన ఈ ఉగాది లోపు ఇయ్యకుంటే ఇంక అడగనన్నడు. ఇచ్చుడెట్ల? కండ్లు తెరిచేది ఇంటి పెద్ద."

రణధీర్ చాయ్ తాగుతూ, నిజంగానే తెలియక అడిగాడు. "ఇప్పుడు మీ ఇంటికి పెద్ద ఎవరక్కా?"

 యశోద గోడ వైపు చూసింది, బట్టల వైపు చూసింది. చాయ్ గ్లాసులు తీసి లోపల పెట్టి వచ్చింది. అంతసేపూ సహజ భర్త మోకాలిని గిల్లుతూనే ఉంది.

"నేనే," అంది యశోద వచ్చి.

తండ్రి కుంచె దించింది, ఉడుత వెంట్రుకల సన్న కుంచె. నన్ను ఒళ్ళో పెట్టుకుంది.  ఎడమ కన్ను పెట్టింది. ఊపిరి వదిలి కుడి కన్ను పెట్టింది. అది ఎడమదాని కన్నా నువ్వుగింజంత పెద్దదైంది.

"బాపువైతే రెండూ సమానంగుండేవి," అంది.

"ఉండనీ అక్కా," అంది సహజ. "మంచిగ చూస్తున్నది."

నిజమే. రెండేళ్ళుగా తల్లి కడుపు కింద ఉండి కూడా తల్లిని చూడని పిల్ల అది. ఇప్పుడు చూస్తోంది. యశోద ఆ రంగు ఆరేదాకా ఊది, నన్ను పక్కన పెట్టి, కొంగల బట్టను ముందుకు లాక్కుంది. "అంచు పట్టుకో చెల్లె, కదలొద్దు," అంది. సహజ ఊపిరి కూడా బిగబట్టి పట్టుకుంది. ఆ పూట బస్సు తప్పిపోయింది.

మొన్న రణధీర్ వాళ్ళమ్మ వచ్చి, మంచం మీద నన్ను చూసి, కోడలి వైపు ఆశగా తిరిగింది. "ఏమన్న విశేషమా బిడ్డా?"

"లేదత్తమ్మా, ఇది మాకే."

ఆమె నిరాశగా నన్ను తెరిచింది. వీళ్ళిద్దరూ అన్నిసార్లు తెరవడంతో ఆ చోటే నా వెన్ను మడత పడింది కాబట్టి నేను పదకొండో పేజీకే తెరుచుకున్నాను. ఆమె అద్దాలు తుడుచుకుని, మొదటికి తిప్పి, చివరిదాకా చదివింది. వెళ్ళేటప్పుడు నేను ఆమె సంచిలో ఉన్నాను. "మీకు పిల్లలు పుట్టినంక తెచ్చిస్త," అంది.

అల్మారాలో నా చోట ఇప్పుడు యశోద కొత్త పుస్తకం ఉందట. అందులో కొంగకైనా బర్రెకైనా కుడి కన్ను నువ్వుగింజంత పెద్దది. ఆమె వాటిని దిద్దలేదు.