ప్రతివాది తరఫున

మాణిక్యాలరావు పాత క్యాలెండరు కాగితం మీద ఇనప స్కేలు ఆనించి సర్రున లాగాడు. వేలెడు వెడల్పు చీటీ ఊడి వచ్చింది. కత్తెరతో కోస్తే అంచు వంకర పోతుందని అతని నమ్మకం. అలా పదకొండు చీటీలు చింపి, ఒక్కొక్కదాని కొసన ఎర్ర సిరాతో అంకె వేసి, మంచం మీద పరిచిన మూడు లా పుస్తకాల్లో పేజీల మధ్య దూర్చాడు. ప్లీడరుగారు కోర్టులో వాదిస్తూ వాదిస్తూ చెయ్యి వెనక్కి చాపితే, ఆ చేతిలోకి సరైన పుస్తకం సరైన పేజీ దగ్గర తెరుచుకుని రావాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు అతను చేసిన పని అదే. ఇవాళ తేడా ఏమిటంటే, చీటీలు పెట్టుకున్నదీ తనే, వాదించవలసిందీ తనే.

అతనికి యాభై నాలుగేళ్ళు. పొడగరి. కానీ చూసినవాళ్ళెవరూ పొడగరి అనుకోరు. ప్లీడరుగారి చెవి దగ్గర గుసగుసలాడి గుసగుసలాడి మెడ దగ్గర వంగిపోయాడు. మాట కూడా అంతే, పక్కవాడికి వినపడేంత వరకే వెళ్ళి ఆగిపోతుంది. నల్లవంతెన అవతల రెండు గదుల అద్దె ఇల్లు. భార్య విజయ పదేళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. పిల్లలు లేరు. ప్రతి శుక్రవారం ఫోనులో మాట్లాడుకుంటారు. పదేళ్ళకి మాటలు కూడా అరిగిపోయాయేమో, అక్కడ ఏం వండిందో ఆవిడా, ఇక్కడ ఏం తిన్నాడో అతనూ చెప్పుకుని పెట్టేస్తారు. నిన్న మాత్రం ఆవిడ పెట్టే ముందు, కంగారు పడకండి, ఖాళీ కడుపుతో వెళ్ళకండి అని రెండుసార్లు చెప్పింది. అందుకే పొద్దున్నే హోటలుకి వెళ్ళి, పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, నాలుగు పొట్టిక్కలు తెచ్చుకున్నాడు. ఆకులు విప్పి, రెండు తిని, తక్కినవి అలాగే మూత పెట్టేశాడు.

లా చదవమన్నది దుర్గాప్రసాద్ గారు. అమలాపురం కోర్టులో ఆయన సీనియర్ ప్లీడరు, ఇతను ఆయన గుమాస్తా. "మాణిక్యం, నా వెనకాల నుంచున్నది చాల్లే. నీకు తెలిసిన లా ఇక్కడ సగం మందికి తెలీదు. ఒక్కసారి ముందుకొచ్చి నుంచో, నేను వెనకాల కూర్చుని వింటాను," అన్నారు ఒకరోజు, దరఖాస్తు కాగితం చేతిలో పెట్టి. దూరవిద్యలో ఎప్పుడో తెచ్చుకున్న బీఏ పట్టా అలా పనికొచ్చింది. కానీ రెండో ఏడు నడుస్తుండగా దుర్గాప్రసాద్ గారు, స్నానానికి లేచిన మనిషి లేచినట్టే పోయారు. ఆయన ఆఫీసులో ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. మాణిక్యాలరావు వాళ్ళకీ వీళ్ళకీ కాగితాలు దాఖలు చేసి పెడుతూ, కాలేజీ మాత్రం మానలేదు. వినేవాళ్ళు లేకపోయినా ఆ ఒక్కసారి ముందుకొచ్చి నుంచోవాలని, నుంచోగలనా లేదా అన్నది తేల్చుకోవాలని ఉండిపోయింది. ఆ ఒక్కసారి ఇవాళే. ఆఖరి సెమిస్టరులో కాలేజీలో పెట్టే ఉత్తుత్తి కోర్టు ఇవాళ పది గంటలకి.

నల్లకోటు కుట్టించుకోవడానికి గడియార స్తంభం దగ్గరికి వెళ్ళినప్పుడు దర్జీ, "ఏ ప్లీడరుగారికండీ?" అని అడిగాడు. నాకే అని చెప్పడానికి నోరు రాలేదు. "నా కొలతలు తీసుకోండి, సరిపోతుందిలెండి," అన్నాడు.

కాలేజీ కొత్తపేట రోడ్డులో ఎరువుల కొట్టు పైన ఉంది. పేరు పెద్దదే. ఉన్నవి నాలుగు గదులు, ఒక హాలు. మెట్లెక్కుతుంటే యూరియా వాసన వెంట వస్తుంది. కిటికీ తెరిస్తే కొబ్బరి మట్టలు లోపలికి చెయ్యి పెడతాయి. చేరినవాళ్ళు నలభై రెండు మంది. ఉద్యోగాలవాళ్ళు, వ్యాపారాలవాళ్ళు, పేరు వెనక ఎల్.ఎల్.బి. అని ఉంటే బాగుంటుందనుకున్నవాళ్ళు. అందరూ పరీక్షలకే వస్తారు. రోజూ క్లాసుకి వచ్చేది మాణిక్యాలరావు ఒక్కడే. పాఠం చెప్పేది భవానీదేవి మేడం ఒక్కరే.

మొదటి వారం ఆవిడ ఖాళీ బెంచీలన్నిటినీ చూసి, ఇతన్ని చూసి, పుస్తకం మూసేసి వెళ్ళిపోతారేమో అనుకున్నాడు. వెళ్ళలేదు. నలభై మందికి చెప్పినట్టే నిలబడి, బోర్డు మీద రాసి, గట్టిగా చెప్పారు. అతనికంటే పదిహేనేళ్ళు చిన్న. సందేహం ఉంటే చెయ్యెత్తమనేవారు. గదిలో ఒక్కడే ఉండి చెయ్యెత్తడం అతనికి మహా సిగ్గుగా ఉండేది, అయినా ఎత్తేవాడు. మూడేళ్ళలో వాళ్ళిద్దరూ పాఠం తప్ప ఇంకో మాట మాట్లాడుకున్నది తక్కువ. వర్షం పడితే గొడుగు ఉందా అని ఆవిడ అడిగేవారు, ఉందండి అని ఇతను చెప్పేవాడు. అంతే.

ఇవాళ మాత్రం కాలేజీ కింద మోటారు సైకిళ్ళు పెట్టడానికి చోటు లేదు. హాల్లో అన్నీ క్లాసులో ఎప్పుడూ చూడని మొహాలు. బల్ల మీద ఎర్ర గుడ్డ పరిచి, వెనక ఎత్తు కుర్చీ వేశారు. అందులో కూర్చోవడానికి రిటైరైన జడ్జిగారు ఒకరు వచ్చారు. మాణిక్యాలరావుకి ఎదురు వాదించవలసింది ప్రశాంతి. ఉప్పలగుప్తంలో సచివాలయం ఉద్యోగి, చంటిపిల్లను తల్లికి అప్పజెప్పి పరుగు మీద వచ్చింది. "బాబాయిగారండీ, మీరు ఇచ్చిన నోట్సు రాత్రి సగమే చదివేనండి. నన్ను గట్టిగా తిప్పికొట్టకండేం," అని నవ్వింది.

కేసు కోనసీమకి తగ్గ కేసే. వాది పెంకుటింటి మీద పక్కవాళ్ళ కొబ్బరికాయలు పడి పెంకులు పగులుతున్నాయి. చెట్లు కొట్టించమని వాది దావా. ప్రశాంతి వాది తరఫు, మాణిక్యాలరావు చెట్ల ఆసామి తరఫు.

ప్రశాంతి బాగానే మొదలుపెట్టింది. రెండు నిమిషాలకి, తను చెప్పిన మాటకి ఆధారంగా ఏ తీర్పు ఉందని జడ్జిగారు అడిగేసరికి చేతిలో కాగితాలు అటూ ఇటూ తిరగేసింది. దొరకలేదు. ఆ పిల్ల మెడ వెనక చెమట పట్టింది. ఏం జరిగిందో మాణిక్యాలరావుకి తెలియదు. తెలిసేసరికి అతను లేచి, ఏడో నంబరు చీటీ ఉన్న పుస్తకం తెరిచి, ఆమె మోచేతి పక్కన పెట్టి, వేలితో వాక్యం చూపించి, రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడి ఉన్నాడు. అదే తన వాదనని సగం కూల్చే తీర్పు.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, ఎదుటి పార్టీకి ఇంత ఉపకారం చేసే ప్లీడర్ని నా సర్వీసులో చూడలేదన్నారు. అందరూ నవ్వారు. మాణిక్యాలరావు కూడా నవ్వి కూర్చున్నాడు.

ప్రశాంతి ముగించింది. జడ్జిగారు తలెత్తకుండానే, ప్రతివాది తరఫున, అన్నారు.

మాణిక్యాలరావు లేచాడు. వాదన అంతా కంఠస్థమే. వారం రోజులుగా వంటింట్లో, సైకిలు మీద, పక్క మీద అప్పజెప్పుకున్నదే. ఎదురుగా ఎత్తు కుర్చీ ఉంది. కుర్చీకీ తనకీ మధ్య ఎవరూ లేరు. ఎప్పుడూ అక్కడ ఒక నల్లకోటు వీపు ఉండేది. ఇప్పుడు ఆ ఖాళీలోంచి నేరుగా జడ్జిగారి చూపు వచ్చి తగులుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో కోర్టులో అతను పైకి పలికిన మాట ఒకటే ఒకటి. దుర్గాప్రసాద్ గారు పక్క కోర్టులో ఉన్నప్పుడు, కేసు కాసేపు ఆపి తరవాత పిలవమని వేడుకునే మాట. నోరు తెరిస్తే అదే వచ్చింది.

"పాసోవర్ ఇప్పించండి సార్. మా సారు వస్తున్నారండి."

జడ్జిగారిదీ నలభై ఏళ్ళ అలవాటే. "సరే, పాసోవర్. తరవాతి కేసు," అనేశారు. ఆ తరవాతి జట్టు లేచి ముందుకి వచ్చేసింది కూడా. వెనక బెంచీల్లో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. దుర్గాప్రసాద్ గారు ఎవరో, ఎప్పుడు పోయారో తెలిసినవాళ్ళు నవ్వలేదు. మాణిక్యాలరావు కూర్చుని, మూడు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకుని, తన కేసు మళ్ళీ పిలుస్తారని ఎదురుచూశాడు.

పిలవలేదు. ఒంటిగంటకి భోజనాలన్నారు. భోజనాలయ్యాక జడ్జిగారు రాజోలులో పెళ్ళికి వెళ్ళాలని కారెక్కేశారు. ప్రిన్సిపాల్ గారు మాణిక్యాలరావు భుజం తట్టి, మార్కులు వేయించేశాననీ, మీకు వెయ్యకపోతే ఇంకెవరికి వేస్తామనీ, నిశ్చింతగా ఇంటికి వెళ్ళమనీ చెప్పారు. ఆయన చెప్పింది మంచి మనసుతోనే. కానీ మార్కులతో అతనికేం పని? నుంచోగలనా లేదా అన్నదానికి జవాబు దొరికిపోయింది. నుంచోలేడు. యాభై నాలుగేళ్ళ వయసులో ఆ సంగతి తెలియడం కంటే, తెలియకుండా ఉన్నదే నయమనిపించింది.

మోటారు సైకిళ్ళన్నీ వెళ్ళిపోయాయి. హాల్లో పుస్తకాలు సర్దుకుంటూ, చీటీలు ఒక్కొక్కటే పీకేస్తుంటే భవానీదేవి మేడం లోపలికి వచ్చారు. భుజాన సంచీ, చేతిలో మంచినీళ్ళ గ్లాసు. సరాసరి వెళ్ళి ఎత్తు కుర్చీలో కూర్చున్నారు.

"పాసోవర్ అయిన కేసు పిలుస్తున్నానండి. ప్రతివాది తరఫున ఎవరు?"

అతను అలవాటుగా పక్కకి చూశాడు. పక్కన ఎవరూ లేరు.

"నేనేనండి," అన్నాడు.

మొదట మాట కీచుమంది. తరవాత సర్దుకుంది. చెట్లు ప్రతివాది తాతగారు నాటినవన్నాడు. వాది ఇల్లు కట్టి ఆరేళ్ళే అయిందన్నాడు. "కాయ పడుతుందని తెలిసే కింద ఇల్లు కట్టుకున్నారండి. చెట్టు ఆయన దగ్గరికి వెళ్ళలేదండి, ఆయనే చెట్టు దగ్గరికి వచ్చేరు." మేడం ఊరుకోలేదు. ముందు నుంచీ ఉన్నంత మాత్రాన పక్కవాణ్ణి ఇబ్బంది పెట్టే హక్కు వస్తుందా అని నిలదీశారు. రాదన్నాడు. అందుకే వల కడతామంటున్నాం, పగిలిన పెంకులు వేయిస్తామంటున్నాం, నరకమని మాత్రం అనొద్దంటున్నాం అన్నాడు. పుస్తకం కోసం చెయ్యి వెనక్కి చాపబోయి, తనే వంగి తీసుకున్నాడు. ఏడో నంబరు తీర్పు తనకి ఎదురుగా ఉందని తనే ఒప్పుకుని, ఈ కేసుకి అది ఎందుకు వర్తించదో చెప్పాడు.

ఆవిడ కాగితం మీద రాసుకుంటున్నారు. జడ్జి పెన్ను కదిలిందంటే మాట లోపలికి వెళ్ళినట్టు. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పావుగంట సేపు ఆ పెన్ను ఆగలేదు. ఎప్పుడు మెడ నిటారుగా ఎత్తాడో అతనికే తెలియదు. "అంతేనండి నా మనవి," అని ముగించి పుస్తకం మూశాడు.

మేడం పెన్ను మూసి, గ్లాసు కాగితం మీద పెట్టి లేచారు.

"నాక్కూడా ఇవాళే ఆఖరండి. రాజమండ్రి కాలేజీలో చేరుతున్నాను. పోయినేడే రమ్మన్నారు. మీరు పూర్తిచేసేదాకా ఉంటానని చెప్పేను."

అతను పుస్తకాలు ఎత్తుకున్నాడు. "ఆయ్," అన్నాడు. మూడుంపావు బస్సు దొరుకుతుందాండీ అని అడిగాడు. దొరుకుతుందన్నారు. ఆవిడ సంచీ తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి నమస్కారం పెట్టారు. రెండు చేతుల్లోనూ పుస్తకాలు ఉండడంతో ఇతను తల వంచాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందిదాకా వినపడింది. ఆ తరవాత ఎరువుల కొట్టులో మూటలు దింపుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇక రోజూ పొద్దున్న పది గంటలకి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదని అప్పుడు తెలిసింది అతనికి.

వెళ్ళబోతూ బల్ల దగ్గర ఆగాడు. జడ్జి రాసుకున్న కాగితాన్ని గుమాస్తా ముట్టుకోకూడదు. అది కోర్టు సొత్తు. పుస్తకాలు కింద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చదివాడు. నెంబర్లు వేసి, పక్కన గీత గీసి, అతని మాటలన్నీ ఉన్నాయి. చెట్టు దగ్గరికి ఆయనే వచ్చారన్న మాట కింద రెండు గీతలు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు. తీసుకోవాలని చెయ్యి ఊరుకోలేదు గానీ, తియ్యలేదు. కిటికీలు మూసి, పుస్తకాలు ఎత్తుకుని, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాడు.

సగం నీళ్ళున్న గ్లాసు కింద ఆ కాగితం అలాగే ఉంది. దాని పైన, ప్రతివాది తరఫున అని రాసి, ఎదురుగా మాణిక్యాలరావు అని ఉంది.