అలల అర

ఆ రోజు ఇంట్లో అరలమ్మ, ఆమె తమ్ముడు, మరదలు, మేనకోడలు ఉన్నారు. అరలమ్మ అసలు పేరు కాదు. లైబ్రరీలో పెట్టిన పేరు. ఇంట్లోనూ అదే నిలిచిపోయింది. ఆమె ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఎవరివి వాళ్ళకు విడదీయకుండా, మెత్తనివన్నీ ఒకచోట, గరుకువన్నీ ఒకచోట పెడుతోంది.

"నా లంగా నాన్న పంచెతో ఎందుకుంది అత్తా?" అంది మేనకోడలు.

"రెండూ మెత్తగా లేవూ?"

మరదలు నవ్వలేదు. "వదినా, కొత్త ఆఫీసరు ఇవాళ అరలు చూస్తాడన్నావుగా. బెల్లం కొట్టిన రాయిలా నిలబడకు. అరలు ఇలాగే ఉంచమని నోరు విప్పి అడుగు."

"అడుగుతాలే."

లైబ్రరీలో ఆమె పని పరిశోధన పత్రాలు సర్దడం. ఏ శాఖవి ఆ శాఖకు పెట్టమన్నారు మొదట్లో. ఆమె చదివి, లోపలి భావాన్ని బట్టి పెట్టింది. అలల అరలో సముద్రం ఉంది, శబ్దం ఉంది, ఊరంతా పాకి తగ్గిన జ్వరం ఉంది, గుంపులో లేచిన పుకారు ఉంది. "ఏం వెతుకుతున్నానో నాకే తెలీదు మేడమ్," అంటూ వచ్చిన పిల్లలను ఆమె అక్కడే కూర్చోబెట్టేది. సముద్రం కోసం వచ్చిన పిల్ల జ్వరం చదువుతూ మధ్యాహ్నం తిండి మరిచిపోయేది.

ఆఫీసరు సరిగ్గా ఆ అర ముందే ఆగాడు. ఒక పత్రం లాగి, అట్ట తెరిచి చూశాడు.

"భార్యాభర్తల అలక మీద పరిశోధన! ఇది అలల్లో ఏంటమ్మా?"

అట్ట మీద 'అలక'లో చివరి అక్షరం అరిగిపోయి 'అల' ఒక్కటే మిగిలింది. తొందరలో ఆమె లోపల చూడలేదు.

"సముద్రం మొగుడి మీద అలిగిందేమో సార్," అన్నాడు అటెండరు. గదంతా గొల్లుమంది.

అలకా లేచేదే, విరిగి వెనక్కి పోయేదే అని ఆమెకు తోచింది.

"పొరపాటే సార్. మిగతావి చూడండి."

"చూసేదేముంది? అన్నీ శాఖలవారీగా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. పేరు కొడితే వచ్చేస్తాయి."

"పేరు తెలియనివాళ్ళకి?"

"పేరే తెలియనివాడికి పరిశోధన ఎందుకమ్మా?"

ఆమె అలల అర మీద చెయ్యి వేసింది. "ఈ ఒక్క అర ఉంచండి సార్," అంది. ఆయన అప్పటికే పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి అరల్లోని కట్టలన్నీ విప్పారు. సముద్రం ఒక బండి మీద, జ్వరం ఇంకో బండి మీద వెళ్ళిపోయాయి. అలక ఎటు పోవాలో ఎవరికీ తెలియక కాసేపు కిటికీలో ఉంది. తర్వాత అదీ లేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి చూసింది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

"తప్పుకో అరలమ్మా, తాళం వెయ్యాలి," అన్నాడు అటెండరు. ఇప్పుడతని గొంతులో వేళాకోళం లేదు.

"రేపు పొద్దున్నే వచ్చి..."

"రేపట్నుంచి నిన్ను రావద్దన్నారమ్మా. నీకు చెప్పలేదా?"

ఆమె గడప దాటింది. అతను తలుపు వేసేశాడు. తలుపు అద్దంలోంచి ఖాళీ అర కనిపిస్తోంది. దాని చివర, కాగితాలు ఒరిగిపోకుండా ఆమె ఎప్పుడో ఆనించిన ఇటుక ఒక్కటే ఇంకా నిలబడి ఉంది.