జిగురు పాలు

వాకిలి ఊడ్చే చీపురు చప్పుడు మధ్యలో ఆగిందంటే ఉజ్బెకిస్తాన్‌లో నమంగాన్ ఊళ్ళోని ఆ సందులో ఏ అత్తగారికైనా మెలకువ వచ్చేస్తుంది. హుమోరా చీపురు పట్టుకునే గోడకు ఆనుకుంది. ఛాతీలో పిల్లికూతలు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే ఊడుస్తోంది, అయినా ఊపిరి అందడం లేదు.

"ఏమే, అప్పుడే అలిసిపోయావా?" లోపలినుంచి అత్తగారు సొబిరా. "మొన్న ఆదివారం మీ పిన్ని కూతురి పెళ్ళిలో గిరగిరా తిరుగుతూ ఆడావు. అప్పుడు లేని దగ్గు ఇవాళెక్కడిది?"

జవాబివ్వడానికి హుమోరాకి ఊపిరుంటే కదా! బూట్ల ఫ్యాక్టరీలో అడుగు అతికించే గది ఆమెది. జిగురులో గట్టిపరిచే మందు కలపగానే కళ్ళు మండుతాయి. కిటికీ తెరవబోతే ఫోర్‌మన్ కసురుతాడు, జిగురు తొందరగా ఆరిపోతుందని. ఆ గదిలో పనిచేసేవాళ్ళకి మాత్రం రోజూ ఒక సీసా పాలు ఇస్తారు. పాలు తాగితే లోపలికి పోయిన విషం కడుక్కుపోతుందని అందరి నమ్మకం. ఆ పాలు ఆమె గొంతు దిగిన రోజు లేదు. ఇంటికి తేగానే సగం అత్తగారి పెరుగుకి, సగం భర్త బహ్రొమ్ టీకి. "ఇంట్లో పదిమందికీ ఉపయోగపడుతుంటే నువ్వొక్కదానివే తాగాలా?" అన్నాడతను ఒకసారి. ఇంట్లో ఉన్నది ముగ్గురు. దగ్గు ఎక్కువైనప్పుడు అత్తగారు దిష్టి తగిలిందని ఇసిరిఖ్ ఆకు కాల్చి, ఆమె ముఖం చుట్టూ పొగ తిప్పుతుంది. దాంతో ఆ కాస్త ఊపిరీ పోతుంది. పైగా, "చూశావా, దిష్టి ఎంత గట్టిదో" అంటుంది.

ఆవేళ ఆసుపత్రికి కోడలొక్కతే వెళ్తే సందులో ఏమనుకుంటారోనని సొబిరా కూడా బయలుదేరింది.

"ఈ దగ్గు ఏయే రోజుల్లో తగ్గుతుందమ్మా?" డాక్టరమ్మ హుమోరాని అడిగింది.

"అది నేను చెబుతా!" సొబిరా ముందుకు జరిగింది. "సెలవు రోజున ఇట్టే తగ్గిపోతుంది. నవ్‌రూజ్ పండక్కి వారం ఇంట్లో ఉంది. వారమంతా ఒక్క దగ్గుంటే ఒట్టు! పనిలోకి వెళ్ళిన సాయంత్రానికి మళ్ళీ మొదలు. ఒళ్ళు బద్ధకం, ఇంకేం లేదు డాక్టరమ్మా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు పెద్దమ్మా. ఇది ఒళ్ళు బద్ధకం కాదు. ఆ జిగురు మందు మీ కోడలికి పడటం లేదు. ఇక మీదట కాస్త పీల్చినా ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. ఆ గదిలోకి వెళ్తూనే ఉంటే మందులకి కూడా లొంగదు, వేరే గదిలో పని అడగండి. ఇంట్లో దిష్టికి పొగ వేస్తుంటే అదీ మానండి."

దారి పొడుగునా సొబిరా కోడలికంటే నాలుగడుగులు ముందే నడిచింది. తన నోటితో తానే కోడలి వైపు సాక్ష్యం చెప్పేసినట్టయింది.

ఇంట్లో బహ్రొమ్ అంతా విన్నాడు. టీ గిన్నె కింద పెట్టాడు.

"బూట్లు అట్టపెట్టెల్లో సర్దే చోటికి మారితే పాలివ్వరుగా?"

"మరి పెరుగు?" అంది సొబిరా.

హుమోరాకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆగేదాకా వాళ్ళిద్దరూ మంచినీళ్ళివ్వడం మరిచి, నిన్న ఆమె తెచ్చిన పాల సీసా వైపే చూస్తున్నారు. ఆ చూపు ఆమె చూసింది. దగ్గు తెరిపి ఇచ్చాక లేచి, సీసాలో మిగిలిన పాలు గటగటా తాగేసింది. ఆ ఇంట్లో మొదటిసారి. ఖాళీ సీసా కడిగి, తెచ్చి గుమ్మం దగ్గర బహ్రొమ్ బూట్ల పక్కన పెట్టింది.

"నేను రేపటినుంచి అట్టపెట్టెల దగ్గర ఉంటానండీ. ఫోర్‌మన్ ఒప్పుకోకపోతే ఇంట్లోనే ఉంటాను. పాలు కావాలంటే ఆ గదిలో మీరు నిలబడండి."